సిస్టర్, ఇది ఎందుకు చూస్తున్నారు? (కాన్పు తర్వాత వార్డులో నా అనుభవం)

కాన్పు అయ్యాక వార్డులో నర్సులు మనల్ని సరిగ్గా నిద్రపోనివ్వరు. ఎందుకు నిద్రపోనివ్వరో ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు సగం చిరాకు, ముప్పావు వంతు భయం తగ్గేవి. నొప్పులు ఎలా వస్తాయి, ఊపిరి ఎలా తీసుకోవాలి, ఆసుపత్రి బ్యాగులో ఏం సర్దుకోవాలి, ఇవన్నీ నెలల తరబడి చదివాను. పాప బయటికొచ్చాక నాకూ పాపకీ ఏమేం చూస్తారో మాత్రం ఒక్క ముక్క తెలీదు. త్వరలో డెలివరీ ఉన్నవాళ్లకి, వాళ్ల పక్కన ఉండబోయేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. నాది మామూలు కాన్పు, కుట్లు పడ్డాయి, బ్లడ్ గ్రూపు ఓ నెగటివ్. సిజేరియన్ గురించి పక్క మంచం ఆవిడ దగ్గర చూసినంత వరకే చెప్పగలను.

పాప పుట్టగానే ఒళ్లు తుడిచి, నా ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి, పైన పొడి గుడ్డ కప్పారు. బరువు తూచడం లాంటివన్నీ తర్వాతే. దాదాపు గంటసేపు అలాగే ఉంచారు. అది ముద్దు కోసం, ఫోటో కోసం అనుకున్నాను. కానీ తల్లి ఒంటికి ఆనుకుని ఉంటే బిడ్డ ఒంటి వేడి నిలబడుతుందని, ఊపిరి, గుండె కుదుటపడతాయని, తనంతట తనే రొమ్ము వెతుక్కుంటుందని సిస్టర్ చెప్పారు. పసిబిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, తడి ఒంటితో వదిలేస్తే చాలా త్వరగా పడిపోతుంది. స్నానం కూడా 24 గంటలు ఆగాకే అన్నారు, అదీ ఈ వేడి కోసమే. ఒంటి మీది తెల్లటి పూత చూసి మా అమ్మ కడిగేయమంది, అది చర్మాన్ని కాపాడేదే, ఉండనివ్వండి అన్నారు.

ఈలోగా ఒక సిస్టర్ మొదటి నిమిషంలో ఒకసారి, అయిదో నిమిషంలో ఒకసారి పాపని చూసి మార్కులు రాసుకున్నారు. గుండె వేగం, ఊపిరి, కండరాల బిగువు, తాకితే స్పందించడం, ఒంటి రంగు, ఒక్కోదానికి రెండు చొప్పున మొత్తం పది. దీన్ని అప్గార్ స్కోరు అంటారు, 1952లో వర్జీనియా అప్గార్ అనే మత్తు డాక్టరు పెట్టిన పద్ధతి. మా పాపకి మొదట 8, తర్వాత 9. ఆ పోయిన మార్కులు ఎందుకు పోయాయని మా ఆయనకి టెన్షన్. చేతులూ పాదాలూ కాసేపు నీలంగా ఉండటం మామూలేనని, పదికి పది చాలా తక్కువ మందికే వస్తాయని సిస్టర్ నవ్వి ఊరుకున్నారు. తర్వాత నా చేతికీ పాప కాలికీ ఒకే నంబరున్న పట్టీలు కట్టారు, పాప తొడకి విటమిన్ కె ఇంజెక్షన్ వేశారు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఈ విటమిన్ పుట్టినప్పుడు బిడ్డ ఒంట్లో చాలా తక్కువ ఉంటుంది, పాలలోంచి కూడా పెద్దగా రాదు. చాలా అరుదుగానే అయినా మెదడులో రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది కాబట్టి వేస్తారు.

అసలు కథ నన్ను మంచం మీదికి మార్చాక మొదలైంది. పావుగంటకోసారి ఒక సిస్టర్ రావడం, బీపీ, నాడి చూడటం, బొడ్డు దగ్గర చేత్తో గట్టిగా నొక్కడం, ప్యాడ్ తీసి చూడటం, రాసుకుని వెళ్లడం. ఆ నొక్కుడు నిజంగా నొప్పి. కాసేపటికి నాకు ఓపిక అయిపోయి చెయ్యి అడ్డం పెట్టేశాను. "సిస్టర్, ఇది ఎందుకు చూస్తున్నారు?" అని అడిగాను, విసుగ్గానే. ఆవిడ ఏమీ అనుకోలేదు. నా చెయ్యే పట్టుకుని బొడ్డు కింద పెట్టి, "గట్టిగా తగులుతోంది చూడమ్మా, ఇది నీ గర్భసంచి. ఇలా గట్టిగా ఉన్నంతసేపూ నాకు బెంగ లేదు. మెత్తబడితే మాత్రం పరుగెత్తాలి" అన్నారు.

మాయ ఊడి వచ్చిన చోట రక్తనాళాలు తెరుచుకుని ఉంటాయట. గర్భసంచి కండరం బిగుసుకుని వాటిని నొక్కి పట్టుకుంటేనే రక్తం ఆగుతుంది. కాన్పు తర్వాత అతిగా రక్తం పోవడానికి ఎక్కువసార్లు కారణం ఆ కండరం బిగుసుకోకపోవడమే, అదీ ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే, అందులోనూ మొదటి గంటల్లో. బిడ్డ పుట్టగానే నాకు వేసిన ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ కూడా దీనికే. ఒకవేళ మెత్తగా తగిలితే చేత్తో రుద్ది బిగుసుకునేలా చేస్తారు, మందులు ఇస్తారు. ఇది తెలిశాక ఆవిడ వచ్చినప్పుడల్లా నేనే చొక్కా పైకి లాగి పెట్టేదాన్ని. నొప్పి తగ్గలేదు, కోపం తగ్గింది.

ఇంకో ప్రశ్న, "మూత్రానికి వెళ్లావా అమ్మా?" వచ్చిన ప్రతి ఒక్కరూ ఇదే. నాకు సిగ్గు ఒకపక్క, కుట్లు మండుతాయన్న భయం ఒకపక్క, వాయిదా వేస్తూ పోయాను. మూత్రాశయం నిండి ఉంటే అది గర్భసంచిని పక్కకి నెట్టి బిగుసుకోనివ్వదు, దాంతో బ్లీడింగ్ పెరుగుతుంది, ఆరు గంటల్లోపు వెళ్లకపోతే గొట్టం వేయాల్సి రావచ్చు అని చెప్పేసరికి లేచాను. లేవడం అంటే ఒక్కసారిగా లేవనివ్వరు. ముందు మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టి, కళ్లు తిరగట్లేదని చూసుకుని, ఒకరు పట్టుకుని తీసుకెళ్లి, బాత్రూం తలుపుకి గడియ పెట్టొద్దన్నారు. లేచేసరికి అప్పటిదాకా లోపల ఆగిన రక్తం ఒక్కసారిగా కారింది, నేను బెదిరిపోయాను. పడుకుని లేచినప్పుడు కొంచెం ఇలా రావడం మామూలే. గంట తిరక్కముందే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, పెద్ద పెద్ద గడ్డలు పడుతున్నా వెంటనే పిలవమన్నారు. మూత్రం పోసేటప్పుడు పైనుంచి గోరువెచ్చని నీళ్లు పోసుకుంటే మంట తెలీదు, ఈ చిట్కా చెప్పిన సిస్టర్‌కి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కుట్లకి మొదటి రోజు గుడ్డలో చుట్టిన ఐస్ ప్యాక్, కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కి, ప్యాడ్ కొన్ని గంటలకోసారి తడిసినా తడవకపోయినా మార్చడం. ఇంతే.

పక్క మంచం ఆవిడది సిజేరియన్. ఆవిడకి మూత్రం గొట్టం ఉంది, పొట్ట మీద కట్టు ఉంది, కదలాలంటేనే కళ్లలో నీళ్లు. అయినా సిస్టర్లు పడుకున్నచోటే పాదాలు ఆడించమని, చీలమండలు తిప్పమని వెంటపడేవాళ్లు, తర్వాత మెల్లగా నడిపించారు. చూస్తే జాలేసి, ఇంత కఠినంగా ఎందుకా అనిపించింది. కాన్పు తర్వాత రక్తం తేలిగ్గా గడ్డకట్టే స్వభావం కొన్ని వారాలుంటుంది, ఆపరేషన్ అయితే మరీను, కదలకుండా పడుకుంటే కాలి నరాల్లో గడ్డలు కట్టొచ్చు. దగ్గు వచ్చినప్పుడు పొట్టకి దిండు అదిమి పట్టుకోమని నేర్పారు. అది చూసి తుమ్ము వచ్చినప్పుడు నేనూ దిండు వాడాను, సిజేరియన్ కాకపోయినా.

పాలు పట్టడం గురించి మాత్రం కాస్త కోపంగానే రాయాలి. షిఫ్టు మారినప్పుడల్లా సలహా మారేది. పొద్దున సిస్టర్ కూర్చునే పట్టమన్నారు. సాయంత్రం సిస్టర్ పక్కకి తిరిగి పడుకుని పట్టు, హాయిగా ఉంటుంది అన్నారు. రాత్రి డ్యూటీలో ఒకామె అసలు చూడకుండానే "పాలు రావట్లేదేమో, డబ్బా పాలు ఇద్దామా" అనేసి వెళ్లిపోయింది. అప్పుడు ఏడ్చాను. వాళ్ల తప్పు అని పూర్తిగా అనలేను, ఒక్కో సిస్టర్‌కి ఎంతమంది తల్లులు, ఎంతమంది పిల్లలో నేను చూస్తూనే ఉన్నాను. కానీ అలసిపోయిన తల్లికి ఆ ఒక్క మాట ఎంత తగులుతుందో అనేవాళ్లకి తెలియాలి.

దాన్ని సరిచేసింది వార్డులో అందరికన్నా పెద్దావిడ. ఆవిడ నన్ను ఏమీ అడగలేదు, కుర్చీ లాక్కుని కూర్చుని పాప తాగుతుంటే ఒక పది నిమిషాలు ఊరికే చూశారు. తర్వాత పాపని వేలితో మెల్లగా విడిపించి మళ్లీ పట్టించారు. ముక్కు చనుమొనకి ఎదురుగా ఉండాలి, నోరు పెద్దగా తెరిచేదాకా ఆగాలి, తెరిచాక పాపని రొమ్ము దగ్గరికి తేవాలి, మనం పాప మీదికి వంగకూడదు. గడ్డం రొమ్ముకి ఆనాలి, కింది పెదవి బయటికి మడుచుకుని ఉండాలి, చనుమొన ఒక్కటే కాదు చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి. "కూర్చున్నావా పడుకున్నావా అన్నది నీ ఇష్టం తల్లీ. గుటక వినపడుతోందా, నీకు నొప్పి లేకుండా ఉందా, ఈ రెండే చూసుకో" అన్నారు. మొదట్లో వచ్చేవి ముర్రుపాలు, చిక్కగా, కొంచెమే ఉంటాయి, పాప పొట్టకి అప్పటికి అంతే కావాలి. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పట్టాలి, గడియారం చూసి కాదు, పాప చేతులు నోట్లో పెట్టుకుంటున్నప్పుడు, తల అటూ ఇటూ తిప్పి వెతుకుతున్నప్పుడు. ఏడుపు మొదలైందంటే అప్పటికే ఆలస్యం.

పాలు తాగేటప్పుడు పొత్తికడుపులో నొప్పి కూడా వచ్చేది, నెలసరి నొప్పిలా. చప్పరించినప్పుడు మన ఒంట్లోనే ఆక్సిటోసిన్ పుడుతుంది, అది పాలనీ దింపుతుంది, గర్భసంచినీ బిగిస్తుంది. రెండో కాన్పు వాళ్లకి ఈ నొప్పి ఇంకా ఎక్కువట.

తర్వాత డైపర్ల లెక్క. ఒక కాగితం ఇచ్చి పాప ఎన్నిసార్లు పాసు పోసింది, ఎన్నిసార్లు విరేచనం అయింది, ఏ రంగు అన్నీ రాయమన్నారు. మా ఆయనకి ఈ పని అప్పగించాను, ఆయన ఆఫీసు పనికన్నా శ్రద్ధగా చేశారు. రొమ్ము మీద కొలతలుండవు కాబట్టి పాలు సరిపోతున్నాయో లేదో బయటికొచ్చేదాన్ని బట్టే తెలుస్తుంది. మొదటి రోజు కనీసం ఒకసారి, రెండో రోజు రెండు, అలా పెరిగి అయిదో రోజు నుంచి ఆరు లేదా అంతకన్నా ఎక్కువ తడి డైపర్లు ఉండాలి. విరేచనం మొదట నల్లగా జిగురుగా, తర్వాత ఆకుపచ్చగా, పాలు బాగా పడ్డాక పసుపుగా మారాలి. ఒకసారి డైపర్‌లో చిన్న రక్తపు చుక్క కనపడి మా అమ్మ అరిచినంత పని చేసింది. ఆడపిల్లలకి తల్లి హార్మోన్లు ఒక్కసారిగా తగ్గడం వల్ల మొదటి వారంలో కొందరికి ఇలా కనపడుతుంది, దానంతట అదే పోతుంది. తొమ్మిది నెలల్లో ఒక్కరైనా ఇది చెప్పి ఉండొచ్చు కదా!

మూడు కిలోలతో పుట్టిన పాప రెండు కిలోల ఎనిమిది వందలకి దిగింది. ఆ రాత్రి డబ్బా పాల మాట మళ్లీ గుర్తొచ్చింది. పెద్ద సిస్టర్ లెక్క వేసి చూపించారు, దాదాపు 7 శాతం. పుట్టినప్పుడు ఒంట్లో ఉన్న అదనపు నీరు పోవడం వల్ల మొదటి రోజుల్లో బరువు తగ్గడం మామూలే, 10 శాతం దాటితే ఊరుకోరు, రెండు వారాలకల్లా పుట్టిన బరువుకి తిరిగి రావాలి. డైపర్లు సరిపడా ఉన్నాయి, గుటక వినపడుతోంది, కాబట్టి డబ్బా అక్కర్లేదు అన్నారు.

ఇక కామెర్లు. నేను ఓ నెగటివ్ కాబట్టి పుట్టగానే బొడ్డుతాడు రక్తంతో పాప గ్రూపు చూశారు, పాజిటివ్ అని తేలింది. దాంతో నాకు 72 గంటల్లోపు వేయాల్సిన యాంటీ డి ఇంజెక్షన్ వేశారు. పాప రక్తకణాలు కొన్ని నా రక్తంలో కలిస్తే వాటి మీద నా శరీరం ప్రతిరక్షకాలు తయారుచేసుకుంటుంది, అవి తర్వాతి గర్భంలో బిడ్డ ఎర్ర కణాల్ని విరిచి కామెర్లు తెచ్చే ప్రమాదం ఉంది, ఈ ఇంజెక్షన్ దాన్ని ఆపుతుంది. ఇప్పటి పాపకి ఆ గొడవ ఏమీ లేదని పరీక్షలో తేలినా కామెర్ల కోసం రోజూ వెలుతుర్లో నుదురు, ఛాతీ వేలితో నొక్కి చూసేవాళ్లు. నెలలు నిండిన పిల్లల్లో సగం మందికి పైగానే మొదటి వారంలో కాస్త పచ్చబడతారు. కాలేయం ఇంకా పూర్తిగా పని అందుకోకపోవడం, పాత ఎర్ర కణాలు విరగడం దీనికి కారణం. మొదటి 24 గంటల్లోనే కనపడితే మాత్రం మామూలు కాదు. మా పాపకి మూడో రోజు రక్తపరీక్షలో బిలిరుబిన్ (ఎర్ర కణాలు విరిగితే వచ్చే, ఒంటిని పచ్చబరిచే పదార్థం) వైద్యం అవసరమయ్యే గీత దాటింది, నీలం లైటు కింద పెట్టాలన్నారు.

కళ్లకి గంతలు, ఒంటి మీద డైపర్ తప్ప ఏమీ లేకుండా, ఆ నీలం వెలుతుర్లో పాపని చూస్తే గుండె పిండేసినట్టయింది. ఎండలో కాసేపు పెడితే చాలదా అని మా అమ్మ అడిగింది. ఆ ప్రశ్న అంత తీసిపారేసేదేం కాదు. ఈ వైద్యం పుట్టిందే అక్కడ, 1950లలో ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల్ని ఎండకి బయటికి తీసుకెళ్లే సిస్టర్ జీన్ వార్డ్ అనే నర్సు, ఎండ తగిలిన చోట చర్మం పసుపు తగ్గిందని, గుడ్డ కప్పిన చోట అలాగే ఉందని గమనించి డాక్టర్లకి చూపించారు. కానీ మామూలు ఎండలో బిడ్డ చర్మం కాలొచ్చు, ఒంటి వేడి పెరగొచ్చు లేదా పడిపోవచ్చు, ఎంత వెలుతురు తగిలిందో లెక్క ఉండదు. లైటు అయితే కొలిచి పెట్టొచ్చు. ఆ నీలం కాంతి చర్మం కింద ఉన్న బిలిరుబిన్ రూపాన్ని మార్చి, పాసులో, విరేచనంలో తేలిగ్గా బయటికి పోయేలా చేస్తుంది. అందుకే లైటు కింద ఉన్నప్పుడు కూడా పాలు ఆపొద్దు, ఇంకా ఎక్కువ పట్టు అన్నారు. పాలకి తీసుకున్నప్పుడల్లా గంతలు తీసేవాళ్లు, నన్ను చూడటానికి. సిస్టర్ గంటలు లెక్కపెట్టుకుని పాప వేడి చూసేవాళ్లు, పక్కలు మార్చేవాళ్లు. మళ్లీ పరీక్షలో తగ్గింది, తీసేశారు. ఆ లైటు మెదడుని కాపాడటానికే, బిలిరుబిన్ మరీ పెరిగితే మెదడు దెబ్బతింటుంది అని నాకు అది అయిపోయాకే చెప్పారు, బహుశా కావాలనే.

సరిగ్గా ఆ రోజుల్లోనే పాలు బాగా దిగి రొమ్ములు రాయిలా బిగుసుకుపోయాయి. పాప నోటికి అందేది కాదు. ముందు చేత్తో కాసిని పిండి మెత్తబరిచి పట్టడం, తాగాక చల్లటి గుడ్డ వేసుకోవడం నేర్పారు. ఏడుపు కూడా అప్పుడే, కారణం లేకుండా, లేదా ఏదో ఒక కారణం దొరకబుచ్చుకుని. మూడు నుంచి అయిదో రోజు మధ్య చాలామంది తల్లులకి ఇలా ఉంటుంది, రెండు వారాల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోయినా, నిద్ర పట్టే వీలున్నా పట్టకపోయినా, పాప మీద ఏ భావమూ లేనట్టు అనిపించినా, చచ్చిపోవాలని గానీ పాపకి హాని చేయాలని గానీ ఆలోచన వచ్చినా అది వేరే, దానికి వైద్యం ఉంది, వెంటనే చెప్పాలి. ఇది చెప్పేటప్పుడు సిస్టర్ మా ఆయన్నీ అమ్మనీ కూడా కూర్చోబెట్టి చెప్పారు. తల్లికి తన సంగతి తనకి తెలియకపోవచ్చు, మీకు తెలుస్తుంది అని. తర్వాత ఒక కాగితం నింపించారు, ఎడిన్‌బరో స్కేల్ అని, తల్లి మనసు ఎలా ఉందో చూసే పది ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల గురించి. నేను అన్నీ బాగున్నట్టు టిక్కులు పెడుతుంటే, "మంచి మార్కుల కోసం కాదమ్మా, నిజం రాయి" అన్నారు. మళ్లీ మొదటి నుంచి రాశాను.

డిశ్చార్జ్ రోజు ఎన్ని చెప్పినా బుర్రకెక్కవు, మనసంతా ఇంటి మీదే. రాసిన కాగితం అడిగి తీసుకోండి, ఫోన్ నంబరుతో సహా. నాకు ఇచ్చిన దాంట్లో తల్లికి: గంటలో ప్యాడ్ నిండిపోవడం, 38 డిగ్రీలు దాటిన జ్వరం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం (బీపీ కాన్పు తర్వాత కూడా పెరగొచ్చు), ఒక కాలే వాచి నొప్పి పెట్టడం, ఛాతీ నొప్పి, ఆయాసం. పాపకి: పాలు తాగకపోవడం, లేపినా లేవనంత మగత, నిమిషానికి 60 దాటిన ఊపిరి, ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోవడం, జ్వరం లేదా ఒళ్లు చల్లబడటం, ఫిట్స్, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడటం, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము. బొడ్డుకి ఏమీ రాయొద్దు, పొడిగా ఉంచితే అదే ఊడిపోతుంది అన్నారు. నిద్రపుచ్చేటప్పుడు వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా.

ఆ తర్వాత చెకప్‌లు మానకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా పుట్టిన 24 గంటలు ఆసుపత్రిలో ఉండటం కాక ఇంకో మూడుసార్లు చూపించుకోమనే: రెండు మూడు రోజుల మధ్య ఒకసారి, రెండో వారంలో ఒకసారి, ఆరో వారంలో ఒకసారి. ఆరో వారానికి పాప బాగా బరువు పెరిగింది, నాకు వెళ్లబుద్ధి కాలేదు, అందరూ పాప కోసమే కదా చూసేది అనుకున్నాను. వెళ్తే అక్కడి సిస్టర్ అడిగిన మొదటి ప్రశ్న "దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు మూత్రం కారుతోందా?" అని. కారుతోంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, వయసు వచ్చినట్టుంది అని సరిపెట్టుకున్నాను. చాలామందికి ఉంటుందని, ఊరుకుంటే పోదని, మూత్రం ఆపుకున్నట్టు కండరాలు బిగించి వదిలే వ్యాయామం నేర్పి, మూడు నెలలు రోజూ చేసి చూడు, తగ్గకపోతే మళ్లీ రా అన్నారు. చేస్తున్నాను, పాప పాలు తాగేటప్పుడు కూర్చునే చేసేయొచ్చు. ఇప్పటికి బాగానే తగ్గింది, గట్టిగా తుమ్మినప్పుడు మాత్రం ఇంకా కొంచెం ఉంది.